రసమట్టం ఖరీదు ఎంత?

పాఠకుల ప్రశ్నలు: ఈ నెల రోవర్లు, వాటి మీది పరికరాలు, వాటికయ్యే డబ్బు

పోయిన సంచికలో చంద్రయాన్-3లో వెళ్లి చంద్రుడి నేల మీద తిరిగిన చక్రాల బండి (రోవర్) ప్రజ్ఞాన్, దాని మీది రెండు పరికరాల గురించి అర పేజీ రాసి, ప్రశ్నలుంటే పంపమన్నాను. బెంగళూరు మురుగేష్‌పాళ్యలోని మా ఇంటికి కార్డులు వచ్చాయి, సంపాదకుల ద్వారా ఫోను సందేశాలూ వచ్చాయి. ముప్ఫై మూడేళ్లు ఈ ఊళ్లోనే కాంతి పరికరాలను పరీక్షించే ఉద్యోగం చేసి విరమించినదాన్ని. రాకెట్ల గురించి నాకు తెలిసింది తక్కువే. పరికరాల గురించి ఎవరైనా అడిగితే మాత్రం కంచంలో అన్నం చల్లారిపోతున్నా చెబుతూనే ఉంటాను. అందుకే కొన్ని జవాబులు పొడుగయ్యాయి.

ప్రశ్న: అమ్మా, చంద్రుడి మీదికి ఆ బండిని పంపడానికి 615 కోట్లు అయిందట. అక్కడ గంధకం ఉందని తెలిసిందట. మాకు 2024 వేసవిలో ట్యాంకర్ నీళ్లకే కూలి డబ్బు సగం పోయింది. రెండు చిన్న పెట్టెల కోసం ఇంత డబ్బు పెట్టడం న్యాయమేనా? కోపంతో అడగడం లేదు, తెలియక అడుగుతున్నాను.
– తాపీమేస్త్రీ, కె.ఆర్.పురం, బెంగళూరు (సొంత ఊరు కల్యాణదుర్గం)

జవాబు: మేస్త్రీ గారూ, కోపంతో అడిగినా తప్పు లేదు. ఆ వేసవిలో మా వీధి బోర్లు కూడా ఎండిపోయాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి బిందెలు వరుసలో పెట్టి, ట్యాంకర్ కోసం గేటు దగ్గర కూర్చున్నాను. కాబట్టి నీళ్ల సంగతే ముందు. చంద్రుడి మీద పరిశోధన ఆపేస్తే కావేరి మీ వీధికి రాదు, చేస్తున్నందువల్లా రాదు. నీళ్లను అడగవలసిన చోట గట్టిగా అడగండి. అర్జీ రాస్తే నా సంతకం కూడా తీసుకోండి.

ఇక డబ్బు. 615 కోట్లు మొత్తం ప్రయాణానికి అయిన ఖర్చు. 2020 జనవరిలో అప్పటి ఇస్రో ఛైర్మన్ కె. శివన్ చెప్పిన అంచనా ప్రకారం నేల మీదికి దింపే ల్యాండర్, రోవర్, వాటిని చంద్రుడి దాకా మోసుకెళ్లే ప్రొపల్షన్ మాడ్యూల్ మూడింటికీ కలిపి 250 కోట్లు, రాకెట్ ప్రయోగానికి 365 కోట్లు. దేశం మొత్తం ఖర్చులో ఇది ఎంతో చూడాలంటే 2025-26 కేంద్ర బడ్జెట్ తీసుకోండి. మొత్తం 50.65 లక్షల కోట్లు, అందులో అంతరిక్ష శాఖకు 13,416 కోట్లు. అంటే నూరు రూపాయల్లో 26 పైసలు. తుపాను కదలికలు చూసే ఉపగ్రహాలు, రాకెట్లు, మనుషులను పంపే గగన్‌యాన్, చంద్రుడు, సూర్యుడు అన్నీ ఆ 26 పైసల్లోనే.

అయితే మీ ఉత్తరంలో నా మనసులో నిలిచిపోయినది 'రెండు చిన్న పెట్టెలు' అన్న మాట. దానికి మీ పని నుంచే జవాబు చెబుతాను.

మీ సంచిలో తాపీ, గుండు, దారం, రసమట్టం ఉంటాయి కదా. కొత్త రసమట్టం కొన్న రోజున మంచి మేస్త్రీ ఏం చేస్తాడు? గోడ మీద పెట్టి బుడగ ఎటు జరిగిందో చూస్తాడు. తర్వాత ఎడమ కొన కుడివైపుకు వచ్చేలా తిప్పి, అదే చోట పెట్టి మళ్లీ చూస్తాడు. రెండుసార్లూ బుడగ ఒకే మాట చెబితేనే దాన్ని నమ్మి గోడ లేపుతాడు. పెనుకొండలో మా నాన్న ఇల్లు కట్టించేటప్పుడు మేస్త్రీ ఇలా తిప్పి చూడడం నేను ఎనిమిదేళ్ల పిల్లగా ఉండి చూశాను. ఎందుకు తిప్పుతున్నావని అడిగితే, 'ఇది అబద్ధం చెబితే నేను కట్టిన గోడ కూడా అబద్ధమే అవుతుంది పాపా' అన్నాడు. తర్వాత ముప్ఫై మూడేళ్లు నేను జీతం తీసుకుని చేసింది అదే పని.

చంద్రుడి మీదికి చేరాక పరికరాన్ని తిప్పి చూసేవారు ఎవరూ లేరు. తిప్పి చూడడమంతా ఇక్కడే, పంపకముందే అయిపోవాలి. డబ్బు ఖర్చయ్యేది ఆ తిప్పి చూడడంలోనే. పైకి వెళ్లే పరికరం ఒక్కటే అయినా కింద మూడైనా తయారవుతాయి. ఒకటి అసలు ఆలోచన పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి. ఇంకొకటి కష్టపెట్టడానికి: రాకెట్‌లో పడే ఊపు కన్నా ఎక్కువ ఊపుతారు, అక్కడ తగిలే వేడి కన్నా ఎక్కువ వేడిలో, చలి కన్నా ఎక్కువ చలిలో ఉంచుతారు. అది తట్టుకుంటేనే మూడోది, ఎగిరేది, తయారవుతుంది. దాన్ని చేతికి తొడుగు లేకుండా ఎవరూ ముట్టుకోరు.

థర్మోవ్యాక్ అని ఒక పెద్ద ఉక్కు గది ఉంటుంది. గాలి మొత్తం లాగేసి, లోపల పెట్టిన పరికరాన్ని రోజుల తరబడి వేడికీ చలికీ మార్చి మార్చి తిప్పుతారు. రాత్రింబవళ్లు ఎవరో ఒకరు దాని ముందు కూర్చుని అంకెలు రాసుకోవాలి. నేను పనిచేసిన ఒక చోట ఇలాంటి పరీక్ష పదకొండో రోజున మా పరికరం చూపు మందగించింది. ఒకే దీపాన్ని చూపిస్తున్నా రోజురోజుకూ తక్కువ కాంతి చెబుతోంది. పరీక్ష ఆపి, తలుపు తెరిచి చూస్తే లోపలి అద్దం మీద ఊపిరి వదిలినట్టు సన్నని మసక. కారణం ఒక తీగకు గుర్తు కోసం అంటించిన గోరంత చీటీ. గాలి లేని చోట దాని జిగురు ఆవిరై, అన్నిటికన్నా చల్లగా ఉన్న ఆ అద్దం మీద పేరుకుంది. చీటీలన్నీ తీసేశామని ధ్రువపరిచిన కాగితం మీద సంతకం నాది. ఆరు వారాల పని మళ్లీ మొదటి నుంచి చేశాం. ఆ ఆరు వారాలూ మా బృందం మొత్తానికి జీతాలు, ఆ ఉక్కు గదికి కరెంటు, మా వెనుక వరుసలో ఉన్న ఇంకో పరికరం ఆలస్యం. ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఇప్పటికీ ఇంట్లో కొత్త గిన్నె కొంటే దాని మీది ధర చీటీ పూర్తిగా గీకేదాకా నాకు నిద్ర పట్టదు.

పరికరం ఖర్చులో గాజు, లోహం కొన్నది కొంత. మిగిలినది ఇలాంటి రాత్రుళ్లకు ఇచ్చిన జీతం. అది చంద్రుడి మీదికి వెళ్లిపోదు, ఈ ఊళ్లోనే తిరుగుతుంది. 1975 ఏప్రిల్ 19న ఎగిరిన ఆర్యభట్ట ఉపగ్రహం తయారైంది పీణ్య పారిశ్రామికవాడ షెడ్లలో. ప్రజ్ఞాన్ మీది లేజర్ పరికరాన్ని చేసిన ఇస్రో ప్రయోగశాల లియోస్ కూడా పీణ్యలోనే ఉంది. మీలాంటి ఒక మేస్త్రీ కట్టిన గోడల మధ్యే ఆ పని జరిగింది.

ప్రశ్న: మేడమ్, అమెరికావాళ్ల క్యూరియాసిటీ మీద పది పరికరాలున్నాయి. మన ప్రజ్ఞాన్ మీద రెండే ఎందుకు పెట్టారు? ఇంకో నాలుగు పెట్టి ఉంటే బాగుండేది కదా?
– ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని, మదనపల్లె

జవాబు: పిండి కొద్దీ రొట్టె, తల్లీ. ఇక్కడ పిండి అంటే డబ్బు మాత్రమే కాదు, బరువు, కరెంటు కూడా. అంగారకుడి మీది క్యూరియాసిటీ 899 కిలోల బండి, చిన్న కారంత ఉంటుంది. దాని మీది పరికరాల బరువే 75 కిలోలు. ప్రజ్ఞాన్ చక్రాలతో, సౌర పలకతో, పరికరాలతో అన్నీ కలిపి 26 కిలోలు. అంటే క్యూరియాసిటీ పరికరాల పెట్టెలు మాత్రమే తూచినా మన రోవర్లు మూడింటి బరువుకు దాదాపు సరిపోతాయి. ఇక కరెంటు. క్యూరియాసిటీ వెనుక 4.8 కిలోల ప్లుటోనియం డయాక్సైడ్ ఉంది. దాని వేడి నుంచి మొదట్లో 110 వాట్ల దాకా కరెంటు పుట్టేది, పగలూ రాత్రీ తేడా లేకుండా. ప్రజ్ఞాన్‌కు ఎండ ఉన్నంతసేపు 50 వాట్లు. మీ ఇంటి పాత సీలింగ్ ఫ్యాను అంతకన్నా ఎక్కువ తింటుంది. ఆ 50 వాట్లలోనే ఆరు చక్రాలు తిరగాలి, కెమెరాలు చూడాలి, ల్యాండర్‌తో మాట్లాడాలి. మిగిలినదే పరికరాలకు.

ఇంత ఇరుకులో రెండు పరికరాలు పట్టించడమే నాకు గొప్పగా కనిపిస్తుంది. వాటిలో ఒకటి నాకు ప్రాణం. ఎందుకో చెబుతాను.

మీ అమ్మ పొయ్యి మీద పప్పు పెట్టినప్పుడు అది పొంగి మంట మీద పడడం చూశావా? నీలంగా మండుతున్న గ్యాస్ మంట ఒక్కసారి పసుపురంగుకు మారుతుంది. అది పప్పులో వేసిన ఉప్పు పని. ఉప్పులోని సోడియం వేడెక్కితే పసుపు కాంతినే ఇస్తుంది. దీపావళి బాణసంచాలో ఆకుపచ్చ వస్తే బేరియం, ఎరుపు వస్తే స్ట్రాన్షియం. ప్రతి మూలకానికీ తన రంగులు తనకున్నాయి. రంగు చూసి పేరు చెప్పవచ్చు.

ప్రజ్ఞాన్ మీది లిబ్స్ అనే లేజర్ పరికరం చేసింది అదే. కిలో పైచిలుకు బరువు, 5 వాట్ల లోపు కరెంటు. 20 సెంటీమీటర్ల దూరం నుంచి మట్టి మీద ఒకే బిందువుకు లేజర్ కాంతిని కేంద్రీకరించి, సెకనులో వంద కోట్లవంతు లెక్కల్లో కొలిచేటంత చిన్న మెరుపు కొడుతుంది. ఆ బిందువు దగ్గరి మట్టి కరగడం కాదు, ఆవిరై, ఇంకా వేడెక్కి ప్లాస్మా అవుతుంది. ఒక నిప్పురవ్వ లేచి ఆరిపోతుంది. ఆరే లోపల ఆ రవ్వ కాంతిని పట్టుకుని, రంగులుగా విడదీసి, ఏ రంగు ఎంత ఉందో కొలవాలి. 2023 ఆగస్టు చివరి వారంలో ఆ రవ్వల్లో అల్యూమినియం, కాల్షియం, ఇనుము, క్రోమియం, టైటానియం, మాంగనీసు, సిలికాన్, ఆక్సిజన్ కనిపించాయి. వాటితోపాటు గంధకం. చంద్రుడి చుట్టూ తిరిగే ఉపగ్రహాల పరికరాలకు ఆ గంధకాన్ని పట్టుకోవడం సాధ్యం కాలేదు. నేల మీదికి దిగి, దగ్గరగా వంగి చూడవలసి వచ్చింది.

ఆ రోజు నేను టీవీలో వర్ణపటం గీతలు చూస్తూ, పక్కన ఎవరూ లేకపోయినా గట్టిగా మాట్లాడేశాను. గంధకం గీతలు అంత తేలిగ్గా కనబడేవి కావు. గీత అంటే గీత కాదు, గడ్డి మధ్య ఒక పోచ కాస్త ఎత్తుగా ఉన్నట్టు ఉంటుంది. అది నిజం పోచ అని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలో ఆ పని చేసినవాళ్లకు తెలుసు.

అందుకే రెండో పరికరం. అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధన ప్రయోగశాల చేసిన ఏపీఎక్స్ఎస్. దీనిలో క్యూరియం-244 అనే రేడియోధార్మిక పదార్థం చిటికెడు కన్నా తక్కువ ఉంటుంది. అది మట్టి మీదికి ఆల్ఫా కణాలను, ఎక్స్ కిరణాలను పంపుతుంది. మట్టి బదులుగా తన ఎక్స్ కిరణాలను వదులుతుంది. మళ్లీ ఒక్కో మూలకానిది ఒక్కో ముద్ర. దారి పూర్తిగా వేరు, సమయమూ ఎక్కువ పడుతుంది. కానీ గంధకం ఉందని ఇది కూడా చెప్పింది. పైన మేస్త్రీ గారికి రాసిన రసమట్టం సంగతి చదువు, ఇది అదే తిప్పి చూడడం. ఒకే రకం పరికరాలు ఆరు పెట్టడం కన్నా, ఒకరి మాట ఒకరు వినకుండా సాక్ష్యం చెప్పే రెండింటిని పెట్టడం మేలు.

ప్రజ్ఞాన్ సెకనుకు ఒక సెంటీమీటరు నడక. మొత్తం నడిచింది నూరు మీటర్లకు కాస్త ఎక్కువ. ఆ దారిలో ఏపీఎక్స్ఎస్ 23 చోట్ల మట్టిని కొలిచింది. 2024 ఆగస్టులో ఆ ఫలితాలు నేచర్ పత్రికలో వచ్చాయి. అక్కడి మట్టి ప్రధానంగా అనార్థోసైట్ జాతి రాతి నుంచి వచ్చిందని తేలింది. పుట్టిన కొత్తలో చంద్రుడి పైభాగమంతా కరిగిన రాతి సముద్రమని, తేలికైన ఖనిజాలు పైకి తేలి ఈ రాయిగా గడ్డకట్టాయని చాలాకాలంగా ఉన్న ఊహకు దక్షిణ ధ్రువానికి దగ్గరి నేల నుంచి వచ్చిన మొదటి సాక్ష్యం అది. ఇంకో ముచ్చట. ల్యాండర్, రోవర్లను బెంగళూరులో పరీక్షించడానికి చంద్రుడి మట్టిలాంటిది కావలసి వచ్చినప్పుడు అనార్థోసైట్ రాయి తమిళనాడులోని సేలం పక్కన నామక్కల్ జిల్లాలో, సీతంపూండి, కున్నమలై గ్రామాల దగ్గర దొరికింది. దాన్ని దంచి పరిచారు. మన పక్క రాష్ట్రం రాయీ, చంద్రుడి మన్నూ దూరపు చుట్టాలు.

ఒక పాత సీడీ ముక్క, సన్నని చీలిక చేసిన అట్టపెట్టె తెచ్చుకుని, చీలికలోంచి వచ్చే వీధిదీపం కాంతిని సీడీ మీద పడేలా చేసి చూడు. బల్బు మారితే రంగుల వరుస మారుతుంది. ఏం కనిపించిందో గీసి పంపితే ఈ పేజీలో వేయిస్తాను.

ప్రశ్న: ప్రజ్ఞాన్ మళ్లీ నిద్ర లేవలేదు. ఆ రకంగా అది సగం విఫలమైనట్టేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: కాదు మాస్టారూ. అది ఒక్క చంద్రుడి పగలు, అంటే మన 14 రోజులు, పనిచేయడానికే చేసిన బండి. 2023 ఆగస్టు 23న దిగింది, సెప్టెంబరు 2న నిద్రపుచ్చారు. అక్కడి రాత్రి చలి సున్నాకు దిగువన నూరు డిగ్రీలు దాటి పోతుంది. లోపల వేడి పుట్టించే ఏర్పాటు పెడితే బరువు, ఖర్చు రెండూ పెరుగుతాయి. లేస్తే లాభం అనుకున్నారు, లేవలేదు.

రోవర్ ఒంట్లో ఏదో పాడైనంత మాత్రాన పని అయిపోదు కూడా. అంగారకుడి మీద స్పిరిట్ రోవర్‌కు 2006లో ముందు కుడి చక్రం ఆగిపోయింది. దాన్ని ఈడ్చుకుంటూ వెనక్కి నడిపించారు. ఆ ఈడ్చిన చక్రం నేలను గీకితే 2007లో కింద తెల్లని మట్టి బయటపడింది. పరికరాలు చూసి అది 90 శాతం సిలికా అని చెప్పాయి. ఒకప్పుడు అక్కడ వేడినీటి ఊట గానీ ఆవిరి గానీ ఉండేదని అర్థం. చక్రం చెడిపోయి కూడా దున్నిపెట్టింది, చూడడానికి మంచి కన్ను ఉండబట్టి అది తెలిసింది.

ప్రశ్న: నాసా వైపర్ రోవర్‌ను పూర్తిగా తయారయ్యాక రద్దు చేశారని చదివి ఆశ్చర్యపోయాను. చేతికి వచ్చిన దాన్ని ఎవరైనా ఆపేస్తారా? డబ్బు మిగల్చాలంటే ముందే ఆపాలి కదా?
– సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: ఈ వార్త విన్న రోజు నాకు అన్నం సహించలేదు. మీ ప్రశ్న న్యాయమైనది, జవాబు మాత్రం బాధాకరమైనది.

వైపర్ పని చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర నీటి మంచును వెతకడం. ఒక మీటరు లోతుకు తవ్వే డ్రిల్లు, దానితోపాటు మట్టిలో ఏముందో చెప్పే మూడు స్పెక్ట్రోమీటర్లు. 2024 జూలై 17న రద్దు ప్రకటించేనాటికి దాని మీద దాదాపు 45 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. బండి నిలబడి ఉంది, పరికరాలన్నీ బిగించి ఉన్నాయి. మిగిలింది పరీక్షలు, ప్రయాణం. రద్దు వల్ల కనీసం 8.4 కోట్ల డాలర్లు మిగులుతాయన్నారు. కోతకు వచ్చిన చేనుకు కూలీల ఖర్చు ఎక్కువైందని కోయకుండా వదిలేసినట్టే ఉంది నాకు. అప్పట్లో దాన్ని విప్పి, పరికరాలను వేరే ప్రయాణాలకు వాడుకోవాలని కూడా ఆలోచించారు. వేలమంది శాస్త్రజ్ఞులు, మామూలు మనుషులు సంతకాలతో ఉత్తరాలు రాశారు. చివరికి 2025 సెప్టెంబరులో బ్లూ ఆరిజిన్ సంస్థ ల్యాండర్ మీద 2027 చివర్లో పంపే ఏర్పాటు కుదిరింది.

ఎందుకు ఇలా జరుగుతుంది? రోవర్ ఒక్కటే ఎగరదు. దాన్ని దించే ల్యాండర్ ఆలస్యమైతే రోవర్ మనుషులందరికీ కూర్చోబెట్టి జీతం ఇవ్వాలి. ఆలస్యం ఏడాదికేడాది ఖర్చును పెంచుతుంది. పెంచిన ఖర్చు పక్కవాడి బడ్జెట్ నుంచి రావాలి. అప్పుడు కత్తెర తీస్తారు. ముప్ఫై మూడేళ్లలో నేను చూసినంతవరకు ఆ కత్తెర మొదట పరికరం దగ్గరికే వస్తుంది. చక్రం తీసేస్తే బండి కదలదు, ఇంజిన్ తీసేస్తే దిగదు. పరికరం తీసేస్తే మాత్రం బండి చక్కగా దిగుతుంది, ఫొటోలూ పంపుతుంది, చప్పట్లూ కొడతారు. నష్టం ఎవరికీ కనబడదు. నాకు ఈ విషయంలో ఎంతో కోపం ఉంది, దాచుకోను.

క్యూరియాసిటీనే చూడండి. 160 కోట్ల డాలర్లనుకున్నది 250 కోట్ల డాలర్లకు చేరింది. 2009లో ఎగరవలసింది 2011 నవంబరులో ఎగిరింది. ఖర్చు పెరుగుతున్న రోజుల్లో, 2007లో, కెమ్‌క్యామ్ అనే లేజర్ పరికరానికి నాసా డబ్బు ఆపేసింది. అప్పటికి పని చాలావరకు అయిపోయింది. రోవర్ స్తంభం మీద ఉండే లేజర్ భాగం ఫ్రాన్స్‌వాళ్లు చేసి ఇస్తున్నారు, మిగతాది అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో. ఆ బృందం ఖర్చు తగ్గించుకుని, మళ్లీ లెక్కలు చూపించి, పోరాడి నిలుపుకుంది. 2012 ఆగస్టు 19న ఆ పరికరం అంగారకుడి మీద పిడికెడు రాయిని 10 సెకన్లలో 30 సార్లు లేజర్‌తో కొట్టి, అందులో ఏముందో చెప్పింది. భూమి దాటి వేరే గ్రహం మీద ఆ పద్ధతి వాడడం అదే మొదటిసారి. ప్రజ్ఞాన్ మీది లిబ్స్ కూడా అదే పద్ధతి. 2007లో ఆ పోరాటం ఓడిపోయి ఉంటే, ఈ పద్ధతి పరాయి నేల మీద పనిచేస్తుందని నమ్మకంగా చెప్పడానికి ఉదాహరణ అంత ముందుగా దొరికేది కాదు.

మన ఊళ్లోనూ ఒక కథ ఉంది. జక్కూరు దగ్గర టీమ్ ఇండస్ అనే సంస్థ, గూగుల్ లూనార్ ఎక్స్ ప్రైజ్ పోటీ కోసం చంద్రుడి మీదికి ల్యాండర్, రోవర్ తయారు చేసింది. రోవర్‌కు హిందీలో 'ఒక చిన్న ఆశ' అన్న అర్థం వచ్చే మాటల మొదటి అక్షరాలతో ఈసీఏ అని పేరు పెట్టారు. 2015 జనవరిలో దిగే సాంకేతికతకు 10 లక్షల డాలర్ల మైలురాయి బహుమతి కూడా గెలిచారు. చిన్నపిల్లల్లాంటి ఇంజనీర్లు, పక్కన ఇస్రో నుంచి విరమించిన పెద్దలు. ప్రయోగానికి కావలసిన డబ్బు సమకూరలేదు. 2018 జనవరిలో రాకెట్ ఒప్పందం పోయింది, అదే ఏడాది మార్చి 31తో పోటీ ఎవరూ గెలవకుండానే ముగిసింది. అక్కడి వాళ్లు నేర్చుకున్నది పోలేదు, తర్వాత ఈ ఊళ్లోని అంతరిక్ష సంస్థల్లో ఆ చేతులు పనికి వచ్చాయి. కానీ ఆ చిన్న రోవర్ చంద్రుడి ఎండ చూడలేదు. బళ్లారి రోడ్డు మీద జక్కూరు దాటినప్పుడల్లా నాకు అది గుర్తుకు వస్తుంది.

నన్నడిగితే, ఏ ప్రయాణానికైనా మొదటి రోజే పరికరాల డబ్బును వేరే మూటగా కట్టి, ల్యాండర్ ఆలస్యమైనా రాకెట్ ఖరీదు పెరిగినా ఆ మూట విప్పకూడదన్న షరతు రాసుకోవాలి. ప్రశ్న అడగడానికే కదా అంత దూరం వెళ్తున్నది.

ప్రశ్న: తర్వాతి రోవర్‌ను జపాన్‌వాళ్లు ఎందుకు చేస్తున్నారు? మనకు చేతకాదా?
– వ్యాపారి, చిత్తూరు

జవాబు: చేతనవును. ఇది పంచుకోవడం. చంద్రయాన్-5కు 2025 మార్చిలో అనుమతి వచ్చింది. ల్యాండర్ మనది, రోవర్ జపాన్‌ది, దాదాపు 350 కిలోలు. అంత బండి ఉంటేనే నేలను తవ్వి నీటిని కొలిచే బరువైన పరికరాలు పడతాయి. 2008లో చంద్రయాన్-1 మీద మనం 11 పరికరాలు పంపితే అందులో ఆరు బయటి దేశాలవి. వాటిలో నాసా వారి ఎం-త్రీ ఇచ్చిన సమాచారంతోనే 2009లో చంద్రుడి నేల మీద నీటి జాడ ఖాయమైంది. ఆ రోజు మన బండిలో చోటు ఇవ్వకపోతే ఆ సంగతి ఎప్పటికి తెలిసేదో!

ప్రశ్న: అమ్మా, నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి ఎస్.పి. రోడ్డులో మొబైల్ రిపేరు షాపులో పనిచేస్తున్నాను. ఇలాంటి పరికరాలు చేసే చోట నాలాంటివాడికి పని ఉంటుందా, లేక ఐఐటీ చదివినవాళ్లకేనా? నేను చేసిన ఒక బోర్డు ఫొటో పంపుతున్నాను.
– మెకానిక్, బెంగళూరు (సొంత ఊరు ధర్మవరం)

జవాబు: ఉంది నాయనా. ఇస్రో కేంద్రాల్లో టెక్నికల్ అసిస్టెంట్ పోస్టులకు మొదటి శ్రేణిలో పాసైన డిప్లొమా అడుగుతారు, టెక్నీషియన్-బి పోస్టులకు పదో తరగతితోపాటు ఐటీఐ. ప్రకటనలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే వస్తాయి, రాతపరీక్ష ఉంటుంది, ఆపైన చేతిపని పరీక్ష. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లను దగ్గరికి రానివ్వకు. ప్రభుత్వ కేంద్రాలే కాదు, వాటికి బోర్డులు చేసి ఇచ్చే ప్రైవేటు సంస్థలు పీణ్యలోనూ, ఎలక్ట్రానిక్ సిటీలోనూ ఉన్నాయి. మేము పరీక్షా సామగ్రికి కావలసిన కనెక్టర్ల కోసం ఎస్.పి. రోడ్డులో తిరిగినవాళ్లమే. ఇరుకు మెట్లెక్కి వెళ్లే షాపుల్లో నీలాంటి కుర్రాళ్లు భూతద్దం కింద చేసే పని చూసి నేను చాలాసార్లు నిలబడిపోయాను. మా ప్రయోగశాలలో అందరూ నమ్మే సోల్డరింగ్ చేయి డిప్లొమా చదివిన ఒకామెది. పెద్ద చదువుల ఇంజనీర్లు బోర్డు పట్టుకుని ఆమె ఖాళీ కోసం నిలబడేవారు.

రెండు సంగతులు నేర్చుకో. ఫోన్లలో సీసం లేని టంకం వాడతావు. అంతరిక్షానికి వెళ్లే బోర్డుల్లో సీసం కలిసిన టంకమే వాడతారు. శుద్ధమైన తగరం మీద ఏళ్లు గడిచేకొద్దీ వెంట్రుకల కన్నా సన్నని మీసాలు మొలిచి, పక్క కాలిని (పిన్నును) తాకి షార్ట్ చేస్తాయి. సీసం కలిపితే ఆ బెడద బాగా తగ్గుతుంది. ఇక ప్రతి టంకాన్నీ చేసినవాడు ఒకసారి, చేయనివాడు ఒకసారి భూతద్దంలో చూసి సంతకం చేస్తారు. ఆ రెండో మనిషి తప్పు చూపిస్తే ముఖం మాడ్చుకోకుండా మళ్లీ చేయడం అలవాటు చేసుకో.

అందుకే చెబుతున్నాను. నీ ఫొటోను పెద్దది చేసి చూశాను. ఎడమ నుంచి మూడో కాలు దగ్గర టంకం బంతిలా ఉబ్బి నిలిచింది. ప్యాడ్ వేడెక్కకముందే టంకం తాకించావు. మంచి టంకం ప్యాడ్ మీద పరుచుకుని, గట్టు వాలులా లోపలికి ఒంగి కాలి మీదికి ఎక్కాలి. అది తీసేసి, ప్యాడ్ శుభ్రం చేసి, మొన ముందు ప్యాడ్‌కూ కాలికీ కలిపి ఆనించి, రెండూ వేడెక్కాక మళ్లీ వెయ్యి. పక్క నుంచి వెలుతురు పడేలా పెట్టి ఫొటో తీసి పంపు, చూస్తాను.